సాక్షి దిమ్మ మీద బాలస్వామి

రండి, ఇంకా దగ్గరికి జరగండి. గోడకు ఆనుకుని కూర్చున్నోళ్లు, మీరు కూడా. పలకలు సంచుల్లో పెట్టేయండి, లెక్కలు రేపు చూద్దాం. గంట కొట్టినంక కూడా ఇంటికి పోకుండా నా చుట్టూ తిరుగుతున్నారంటే ఎందుకో నాకు తెలుసు. ఇంట్లో అవ్వ ఉంటది, తాత ఉంటడు, అమ్మానాయనలు పనికి పోయిన ఊరినుంచి రావడానికి ఇంకా టైముంది. సరే, కూర్చోండి. మన అమరచింత దిక్కు మనుషులు ఎక్కడో సముద్రం ఒడ్డున ఒక కాలనీకి నేల చదును చేసిన సంగతి చెప్తాను. మధ్యలో ఎవరూ 'అట్లెట్ల అయితది సార్' అని అడగొద్దు. అప్పుడు అక్కడ ఉన్నోళ్లే అడగలేదు.

పంటలు ఇంటికి చేరినంక ఊళ్లో లారీ హారను వినపడటం మీకు కొత్త కాదు. గుంపు మేస్త్రి ముందు సీట్లో కూర్చుంటాడు. వెనకాల పారలు, గడ్డపారలు, తట్టలు, జొన్నపిండి మూటలు, వాటి మీద మనుషులు. ఎక్కేటప్పుడు ఆడవాళ్లు పిల్లల మొహాలు చూడరు. మూట ముడి సరిగ్గా పడలేదని, రొట్టెల పెనం మరిచిపోయామని ఒకరితో ఒకరు గొడవ పెట్టుకుంటూ ఎక్కుతారు. లారీ పెబ్బేరు దాటి పెద్దరోడ్డు ఎక్కినంకనే ఏడుస్తారు.

రెండువేల మూడో సంవత్సరంలో వెంకటస్వామి మేస్త్రి గుంపు అట్లాగే లారీ ఎక్కి, మరునాడు ఉప్పుగాలి మొహానికి కొట్టే చోట దిగింది. అక్కడికి కొంత దూరంలో, నీళ్లకు అవతల, రాకెట్లు ఎగరేసే కేంద్రం ఉంది. అందులో పనిచేసేవాళ్లు ఏటేటా పెరుగుతున్నారు, ఉన్న ఇండ్లు చాలడం లేదు. అందుకని నీళ్లకు ఇవతల, తాటిచెట్లూ ముళ్లపొదలూ తప్ప ఏమీ లేని ఇసుక దిబ్బల మీద వాళ్లకోసం కొత్త కాలనీ తలపెట్టారు. ముందు దిబ్బలను కోసి నేల చదును చేయాలి. ఆ పని మనవాళ్లది. అంటే ఆ కాలనీ నేల మీద మొట్టమొదట పొయ్యి వెలిగించి రొట్టె కాల్చింది మన ఆడవాళ్లు. ఆ సంగతి కాలనీ వాళ్లు మరిచిపోయి ఉండొచ్చు, మీరు గుర్తుపెట్టుకోండి.

ఆ గుంపులో బాలస్వామి, హన్మమ్మ అని మొగుడూపెండ్లాలు. వాళ్ల బిడ్డ మానసకు అప్పుడప్పుడే మాటలు వస్తున్నాయి. లారీ ప్రయాణానికీ ఉప్పుగాలికీ పిల్ల తట్టుకోదని, హన్మమ్మ దాన్ని తన అక్క కిష్టమ్మ దగ్గర ఊళ్లోనే విడిచి వచ్చింది. పగలంతా పనిలో బాగానే ఉండేది. నిద్రలోనే బిడ్డ పేరు కలవరించేది.

ఇప్పుడు మట్టిపని సంగతి కొంచెం చెప్పాలి. మొగుడు తవ్వుతాడు, పెండ్లాం తట్ట మోస్తుంది, వాళ్లది ఒక జోడి. ఒక్కో జోడికి ఒక్కో ముక్క నేల. ఆ ముక్క నడుమ కొంచెం చోటు తవ్వకుండా, నెత్తిమీది గడ్డితో సహా, స్తంభంలాగా వదిలేస్తారు. చుట్టూ నేల దిగిపోతున్నకొద్దీ అది నిలబడి కనపడుతుంది. దాన్ని సాక్షి దిమ్మ అంటారు. తవ్వకముందు నేల ఎంత ఎత్తుండేదో చెప్పేది అదొక్కటే. టేపు పట్టేవాడు వచ్చి దిమ్మ నెత్తినుంచి కిందిదాకా కొలిచి, ఇంత లోతు తవ్వారని ఒప్పుకుంటాడు. కొలత అయ్యేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోరు. అయినంక ఏ జోడి తవ్విందో ఆ జోడే దాన్ని కూల్చాలి. ఇంకొకరు పార వేయరు.

ఇందులో ఒక దొంగతనం ఉంది. పక్కనెక్కడో గడ్డితో సహా ఒక మట్టిపెళ్ల కోసుకొచ్చి దిమ్మ నెత్తిన పెడితే, దిమ్మ ఎత్తు పెరుగుతుంది, తవ్విన లోతు ఎక్కువ కనపడుతుంది. కాసిన్ని నీళ్లు చల్లితే పై పెళ్లా కింది గడ్డీ కలిసిపోతాయి. అట్లా చేసిన జోడిని గుంపులోంచి వెళ్లగొడతారు, మరే గుంపూ దగ్గరికి రానివ్వదు. ఒక దిమ్మ అబద్ధమని తేలితే మిగతావాటిని ఎవరు నమ్ముతారు?

బాలస్వామి మీద ఆ అనుమానం ఎవరికీ రాదు. "వాని సాక్షి మీద ఈగ వాలినా లేపి మరీ కొలిపిస్తడు" అని మేస్త్రి వెంకటస్వామి నవ్వేవాడు.

అట్లాంటి మనిషి దిమ్మ మీద హన్మమ్మ పెళ్ల పెట్టింది.

వాళ్ల ముక్కలో తాటి మొద్దు ఒకటి అడ్డం పడింది. దాన్ని పెరికేసరికి గుంపులో అందరికంటే వెనకబడ్డారు. కొలత తక్కువ పడితే, అందరూ ఊరికి మళ్లినా వాళ్లిద్దరూ ఉండిపోయి ముక్క పూర్తిచేయాలి. ఒక మధ్యాహ్నం బాలస్వామి నీళ్ల డ్రమ్ము దగ్గరికి పోయాడు. హన్మమ్మ అటూ ఇటూ చూసింది. తాటిచెట్టు కింద ఒక గడ్డిపెళ్ల కోసి, గబగబా ఎక్కి దిమ్మ నెత్తిన ఒత్తి, తట్ట ఎత్తుకుని పోయింది.

ఆమె మట్టి పోసి తిరిగి వచ్చేసరికి, నీళ్లు తాగొచ్చి దిబ్బ అంచు కింద తవ్వుతూ ఉండాల్సిన బాలస్వామి లేడు. దిబ్బ అంచు లేదు.

మన దిక్కు మొరం నేల, నిలువుగా కోస్తే గోడలాగా నిలబడుతుంది. మనవాళ్లకు ఆ అలవాటే ఉంది. అక్కడిది ఇసుక కలిసిన ఉప్పు మన్ను. ఒక్క చప్పుడు కూడా చేయకుండా కూలింది. గుంపంతా చేతులతో తోడింది. బయటికి తీసేటప్పటికి బాలస్వామి చల్లబడిపోయాడు. ఊరు చాలా దూరం కాబట్టి అక్కడే గుంత తీసి మన్ను చేశారు.

మూడోనాడు పొద్దున గుంపు పనికి పోయేసరికి బాలస్వామి తన దిమ్మ మీద కూర్చుని ఉన్నాడు. కాళ్లు కిందికి వేలాడేసి, తలకు తువాల చుట్టుకుని, ఎప్పటిలాగే ఉన్నాడు. చెవుల్లోంచి మాత్రం సన్నగా ఇసుక రాలుతూ ఉంది.

"బాలస్వామి వచ్చిండే," అన్నది ఒకామె, తట్ట నెత్తిన పెట్టుకుంటూ.

"నీళ్లు గిట్ల తాగిండేమో అడుగుర్రి," అన్నది ఇంకొకామె.

అంతే, ఎవరి పని వాళ్లు మొదలుపెట్టారు.

టేపు పట్టే మనిషి పేరు యేసయ్య. ఆ సముద్రం ఒడ్డు ఊరివాడే. అన్ని దిమ్మలూ కొలిచి బాలస్వామి దగ్గరికి వచ్చి నిచ్చెన వేశాడు. టేపు పైకి అందించేసరికి బాలస్వామి అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇప్పుడొద్దన్నా," అన్నాడు.

"అట్లనే నాయనా. రేపొస్తాలే," అని యేసయ్య టేపు చుట్టుకున్నాడు.

రేపూ అదే మాట, ఎల్లుండీ అదే మాట. మిగతా దిమ్మలన్నీ కూలిపోయాయి, నేలంతా చదునైంది, నడుమ ఆ ఒక్క దిమ్మ మనిషెత్తు నిలబడి ఉంది. కొలత కాకుండా కూల్చకూడదు, కొలవనివ్వడం లేదు. కాలనీ కట్టేవాళ్లు కూడా తిప్పలు పడి చివరికి, తిన్నగా పోవలసిన రోడ్డును అక్కడ కొంచెం వంచి పోశారు.

వానలకు ముందు గుంపు ఊరికి మళ్లింది. లారీ ఎక్కేటప్పుడు హన్మమ్మ మూట కిందనే పెట్టేసింది.

"ఆయన్ను ఇడిసి ఎట్ల రావాలె మామా?" అన్నది మేస్త్రితో. "జర కొలత కానీ. ఇద్దరం గల్సి వస్తం."

ఆ కొలత ఎందుకు కావడం లేదో తనకు తెలుసనుకున్నది హన్మమ్మ. తన పెళ్ల మీదనే ఆయన కూర్చున్నాడు. సాక్షిలో అబద్ధం ఉన్నంతకాలం ఆయన దిగలేడు. సాయంత్రం టీ తీసుకుపోయి ఇస్తే అందుకునేవాడు, తాగేవాడు, గ్లాసు తిరిగి ఇచ్చేవాడు. ఆమె మొహంలోకి మాత్రం చూసేవాడు కాదు. 'నా తప్పు తెలిసింది, అందుకే చూడడు' అనుకునేది. ఆ తప్పు నోరు తెరిచి చెప్పేద్దామని ఎన్నోసార్లు అనుకుంది. చెబితే ఆయన దిగిపోతాడు. దిగిపోతే ఇంకెక్కడ కనపడతాడు? అందుకని ఏ రోజుకారోజు రేపు చెప్తాననుకుంటూ, కాలనీలో మొక్కలకు నీళ్లు పోసే పనికి కుదిరి, గోడ పక్కన గుడిసె వేసుకుంది.

కాలనీ ఆమె కళ్ల ముందే పెరిగింది. ముందు గోడలు, తర్వాత కిటికీలు, తర్వాత కర్టెన్లు. మొదటి ఇంట్లో దిగినవాళ్లు శ్రీనాథ్ అనే ఇంజనీరు, ఆయన భార్య ఉమ. అప్పటికి పాల బండి లేదు, అంగడి లేదు, నల్లాలో ఉప్పునీళ్లు. కేంద్రం బస్సులోనే పాల ప్యాకెట్లు వచ్చేవి. పొద్దుపోతే నక్కలు కాంపౌండు దాకా వచ్చి, ఉమ ఆరేసిన బట్టలు వాసన చూసి పోయేవి. ఆ వరుసలో ఇంకా ఎవరూ రానప్పుడు, భర్త కేంద్రానికి పోయినంక ఉమకు మాట్లాడటానికి ఉన్నది హన్మమ్మ, బాలస్వామి మాత్రమే.

"బాలస్వామీ, తాళం నీ దగ్గర పెట్టి పక్కూరి బజారుకు పోతున్నా. ఆయనొస్తే ఇచ్చెయ్," అనేది.

బాలస్వామి చెయ్యి చాచి తాళం అందుకునేవాడు. శ్రీనాథ్ వస్తే పైనుంచి వదిలేవాడు.

తర్వాత తర్వాత ఇంకా సంసారాలు దిగాయి. అన్ని భాషలవాళ్లు వచ్చారు. పచ్చళ్ల గిన్నెలు ఒక ఇంటినుంచి ఇంకో ఇంటికి తిరిగాయి. తగాదాలు కూడా మొదలయ్యాయి. ఉమ వేసిన మల్లె అంటు ఎవరో పెరికేస్తే, పక్కింటావిడకూ ఆమెకూ మాటలు పెరిగి, ఇద్దరూ దిమ్మ దగ్గరికి వచ్చారు.

"నువ్వు పైనుంచి అన్నీ చూస్తావుగా, చెప్పు. వీళ్లబ్బాయే కదా?"

"పిల్లగాడు గాదమ్మా. మేక," అన్నాడు బాలస్వామి.

ఇద్దరూ నోరు మూసుకుని ఇళ్లకు పోయారు. ఆ రోజునుంచి ఎవరికి ఏ తగువొచ్చినా అక్కడికే. బాలస్వామి చెప్పాడంటే ఇక దాని మీద మాట లేదు. మొక్కలకు నీళ్లు పోస్తూ హన్మమ్మ అదంతా వినేది. విన్నప్పుడల్లా చేతిలో పైపు బరువెక్కేది.

రాకెట్టు ఎగిరే రోజు కాలనీ అంతా మిద్దెలెక్కేది. ముందు వెలుగు వచ్చేది, చప్పుడు తర్వాత వచ్చేది. చప్పుడొచ్చేసరికి కిటికీలు గడగడలాడేవి, పిల్లలు చెవులు మూసుకునేవారు. బాలస్వామి రెండు చేతులతో దిమ్మ అంచులు పట్టుకుని, తల ఎత్తి, అది కనపడకుండా పోయేదాకా చూసేవాడు. ఒకసారి ఎగిరింది ఎగిరినట్టే పక్కకు ఒరిగి సముద్రంలో పడిపోయింది. ఆ సాయంత్రం కాలనీలో చాలా ఇళ్లల్లో పొయ్యి వెలగలేదు. శ్రీనాథ్ వచ్చి దిమ్మకు వీపు ఆనించి కింద కూర్చున్నాడు. పైనుంచి బాలస్వామి చెవిలోని ఇసుక ఆయన భుజం మీద రాలుతుంటే దులుపుకోను కూడా లేదు. చీకటి పడేదాకా అట్లాగే ఉన్నారిద్దరూ.

ఇట్లా నాలుగేళ్లు గడిచాయి.

నాలుగో ఏడు మన దిక్కు వానలు పడలేదు. ఏటా పంటలైనంక వచ్చి వానలకు మళ్లిపోయే వెంకటస్వామి గుంపు ఈసారి ఊరికి మళ్లకుండా అక్కడే, కాలనీకి మురుగు కాలువలు తవ్వుతూ ఉండిపోయింది. శ్రావణంలో ఒక రోజు హన్మమ్మ కొత్తగా వచ్చిన అంగడిలో రూపాయి డబ్బా ఫోను నుంచి ఊళ్లో అక్క ఇంటికి ఫోను చేసింది. అవతల పలికింది పిల్ల గొంతు.

"అలో! మానసా! నేను బిడ్డా, అమ్మను."

ఫోను పక్కకు పెట్టి పిల్ల అరిచింది.

"పెద్దమ్మా, ఎవరో అమ్మనంటుంది!"

హన్మమ్మ ఇంకో రూపాయి వేసింది. ఈసారి కిష్టమ్మ గొంతు.

"హన్మీ, ఇనవడుతుందా? సీడు పత్తోళ్లు ఊళ్లెకొచ్చిండ్రే. చేన్ల పువ్వు దిగిందంట. ఐతారం పొద్దుగాల జీపొస్తది. మా పిల్లలిద్దరు పోతుండ్రు. మానసను గూడ తోలుతనన్న."

"అక్కా, అది బడికి పోతుందంటివి గదనే!"

"పోయింది, నేను లేదన్ననా? ఈ కరువుల నేను గూడ చేన్లకు పోవాలె. ఇంట్ల ఎవలుంటరు? ఆడపిల్లను ఒక్కదాన్ని ఇడిసి ఎట్ల పోవాలె చెప్పు. నువ్వొచ్చి కూసో, నేను తోలను. నువ్వా, రావు."

గద్వాల దిక్కు సీడు పత్తి చేన్లు మీకు తెలుసు. ఒక పువ్వు గిల్లి, ఇంకో పువ్వు పుప్పొడి దానికి రుద్దే పని. చిన్న చేతులైతే పువ్వు చిరగదంటారు, అందుకని ఆడపిల్లలనే వెతుకుతారు. పొద్దున మంచులో మొదలైతే పొద్దుగూకేదాకా. మందు వాసనకు కళ్లు తిరుగుతాయి. ఆ జీపు ఎక్కిన పిల్ల మళ్లీ బడి గడప తొక్కడం నేను ఎక్కువగా చూడలేదు.

హన్మమ్మ అంగడి నుంచి నేరుగా మేస్త్రి దగ్గరికి పోయింది. కాలువ గట్టు మీద కూర్చుని టీ తాగుతున్నాడు.

"మామా, నేను ఊరికి పోవాలె."

"పో. రేపే బస్సెక్కిస్త."

"ఆయన?"

మేస్త్రి దిమ్మ వైపు చూశాడు. "కొలత గాంది వాడు దిగడు. వాడు దిగంది నువ్వు పోవు. నాలుగేండ్ల సంది గిదే గదా."

"నేను పెళ్ల పెట్టిన మామా."

మేస్త్రి చేతిలో గ్లాసు ఆగింది. "ఏమంటివి?"

"సాక్షి మీద పెళ్ల పెట్టిన. ఆయన నీళ్లకు పోయినప్పుడు. ఆయనకు తెల్వదు."

"బాలస్వామి సాక్షి మీదనా?" మేస్త్రి గొంతు తగ్గించాడు. "ఈ మాట ఇంకెవ్వలతోనన్న అన్నవా?"

"అనలే."

"అనకు. నువ్వే పెట్టినవంటె ఎవ్వడు నమ్మడు. మొగోనికి తెల్వకుంట ఆడిది పెడతదా అంటరు. సచ్చినోని పేరు పోతది. ఈ కాలనీవోళ్లు వాని మాట మీద తగువులు తెంపుకుంటుండ్రు, వాళ్లేమనుకుంటరు? నా గుంపు కొలతను రేపు ఎవ్వడన్న నమ్ముతడా?"

"మరి నా బిడ్డ?"

వెంకటస్వామి మిగిలిన టీ మట్టిలో పారబోసి లేచిపోయాడు.

మరునాడు పొద్దున, కాలనీ పిల్లలు యూనిఫారాలు వేసుకుని బడి బస్సు కోసం నిలబడ్డ సమయంలో, హన్మమ్మ నిచ్చెన మోసుకుంటూ దిమ్మ దగ్గరికి వచ్చింది. భుజాన పార ఉంది. యేసయ్య అప్పటికి కాలనీలోనే నీళ్ల పంపు చూసుకునే పనిలో చేరాడు. "యేసన్నా, నీ టేపు తే," అని కేకేసింది. పార చూసి గుంపు వాళ్లు కాలువలోంచి పైకి ఎక్కారు. గరిటె చేతిలో అట్లాగే పట్టుకుని ఉమ గేటు దాకా వచ్చింది. ఆమె వెనక శ్రీనాథ్.

హన్మమ్మ నిచ్చెన ఎక్కింది.

"ఏమయ్యా, జర జరుగు."

బాలస్వామి జరగలేదు. హన్మమ్మ కిందికి తిరిగింది.

"అందరు ఇనుర్రి. ఈ సాక్షి అబద్ధం. దీని మీద పెళ్ల పెట్టింది నేను. నా మొగనికి తెల్వదు. ఆయన పేరు ఎత్తకుర్రి. తిట్టేదుంటె నన్ను తిట్టుర్రి."

వెంకటస్వామి నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

"వద్దే హన్మీ," అన్నాడు బాలస్వామి. నాలుగేళ్లలో ఆయన ఆమెతో అన్న మొదటి మాట అది. "దాన్ని తియ్యకు."

"తియ్యకుంటె ఐతారం నాడు మన బిడ్డ జీపెక్కుతది."

బాలస్వామి ఆమె వైపు చూశాడు, కళ్లలోకి. ఆ తర్వాత రెండు చేతులూ ఆనించి, మెల్లగా పక్కకు జరిగాడు.

హన్మమ్మ గడ్డి కిందికి పార పోనిచ్చి ఎత్తింది. కుండ మీది మూతలాగా పెళ్ల ఊడి వచ్చింది. తాటిచెట్టు కింద తాను కోసిందే, వేర్లలో తాటి పీచు ఇంకా చిక్కుకుని ఉంది. దాన్ని కింద పడేసి, అసలు నేల చూద్దామని వంగింది. అట్లాగే ఉండిపోయింది.

దాని కింద అసలు నేల లేదు. ఇంకో పెళ్ల ఉంది. తుంగగడ్డి పెళ్ల. ఆ దిబ్బల మీద తుంగ మొలిచే తడి ఒక్క చోటే ఉండేది, నీళ్ల డ్రమ్ము పక్కన.

"ఇది నేను పెట్టింది గాదు," అన్నది.

"గది నాది," అన్నాడు బాలస్వామి.

"ఏంది?"

"నాదేనే. పొద్దుగాల నువ్వు తట్ట మోస్కపోయినప్పుడు పెట్టిన." బాలస్వామి తువాల తీసి మొహం తుడుచుకున్నాడు. "రాత్రంత పిల్ల పేరు కలవరిస్తుంటివి. జల్ది ఇంటికి పోదమనుకున్న."

"మరి నేను పెట్టినప్పుడు..."

"జూసిన. డ్రమ్ము కాడ నీళ్లు తాగుకుంట జూస్తనే ఉన్న. నేను పెట్టినదాని మీద నువ్వొచ్చి పెడుతున్నవ్, ఏమనాలె? నవ్వొచ్చింది. సాయంత్రం రొట్టెలు తినేటప్పుడు చెప్పి నిన్ను ఆటపట్టిద్దమనుకున్న." భుజం మీది ఇసుక దులుపుకున్నాడు. "సాయంత్రం దాక ఉంటి గదా."

హన్మమ్మ పార మీద వాలిపోయి నిలబడింది. "మరి నా మొహం ఎందుకు జూడకపోతివి ఇన్నేండ్లు?"

"ఊరంత నన్ను మంచోడంటది. నువ్వు గూడ గట్లనే అనుకుంటివి. నీ మొహం ఎట్ల జూడాలె?"

కింద మొదట నవ్వింది వెంకటస్వామి. నెత్తి మీది చెయ్యి దించి, "ఓరి నీ అవ్వ! మొగుడొకటి, పెండ్లామొకటి! రెండు పెళ్లల సాక్షిని నా జన్మల జూడలేదురా," అంటూ నవ్వీ నవ్వీ కాలువ గట్టు మీద కూలబడ్డాడు. గుంపంతా నవ్వింది. నవ్వుతూనే ఆడవాళ్లు కొంగులు కళ్లకు అడ్డం పెట్టుకున్నారు.

"బాలస్వామీ, మరి మా మల్లె అంటు సంగతి?" అని అడిగింది ఉమ గేటు దగ్గరినుంచి.

"గది మేకనే అమ్మా. ఒట్టు."

రెండో పెళ్ల కూడా ఎత్తేశారు. దాని కింద నాలుగేళ్ల కిందటి పాత గడ్డి చాపలాగా అణిగి, పచ్చగా ఉంది. యేసయ్య టేపు అందించాడు. పై కొన బాలస్వామే పట్టుకున్నాడు, కింది కొన హన్మమ్మ పట్టింది. యేసయ్య కొలత చదివి, "ఒప్పేసుకున్నా," అన్నాడు. ఆ మాటకు బాలస్వామి చెవుల్లోంచి ఇసుక రాలడం ఆగిపోయింది.

నిచ్చెన మీదుగా దిగి, నేల మీద నిలబడి, నడుము విరుచుకుని, నీళ్లడిగాడు. ఉమ పరుగున తెచ్చి ఇచ్చింది. తాగి చెంబు తిరిగి ఇచ్చేశాడు. అప్పుడు హన్మమ్మ దిమ్మకు మొదటి పార వేసింది. బాలస్వామి మన్ను ఎత్తి తట్టల్లో పోశాడు. తట్టలు గుంపు వాళ్లు మోశారు, కొన్ని యూనిఫారాల పిల్లలు కూడా. ఒక్కో తట్ట పోతున్నకొద్దీ ఆయన పలచబడుతూ వచ్చాడు. సగం దిమ్మ పోయేసరికి ఆయన వెనకాల నిలబడ్డ శ్రీనాథ్ చొక్కా గళ్లు ఆయన గుండెల్లోంచి కనపడ్డాయి.

"పిల్ల నా గురించి అడిగితె," అన్నాడు చివరికి, "ఉన్నదున్నట్టు చెప్పు. మంచోడని ఊకె చెప్పకు."

ఆఖరి తట్ట హన్మమ్మే మోసింది. పోసి తిరిగి చూస్తే చదును నేల, దాని మీద పార.

ఇప్పటికీ ఆ కాలనీలో రోడ్డు అక్కడ వంపు తిరిగే ఉందట. ఆ తర్వాత వచ్చినవాళ్లకు ఎందుకో తెలియదు. పిల్లలు మాత్రం మైదానంలో ఆడేటప్పుడు కూడా, ఆ చోటు వచ్చేసరికి సైకిళ్లు పక్కకు తిప్పి, ఏమీ లేనిదాన్ని చుట్టి పోతారట. ఎవరో తాళం చెవి ఒకటి అక్కడ మట్టిలో పెట్టి పోయారని, చాలాకాలం ఎవరూ దాన్ని తీయలేదని కూడా విన్నాను.

హన్మమ్మ బస్సులు మారి, ఆదివారం పొద్దున మన ఊరి దగ్గర దిగింది. జీపు అప్పటికే ఆగి ఉంది. వెనకాల పిల్లలు ఒకరి ఒళ్లో ఒకరు కూర్చుని ఉన్నారు. కిష్టమ్మ చెల్లెల్ని చూసి, జీపులో ఒక మూలకు చెయ్యి చూపించింది. మెడదాకా గుండీలు పెట్టిన పాత చొక్కా ఒకటి గౌను మీద తొడుక్కుని, సద్ది గిన్నె ఒళ్లో పెట్టుకుని కూర్చున్న పిల్ల. బాలస్వామి నుదురు, బాలస్వామి చెవులు.

"మానసా, దిగు బిడ్డా."

పిల్ల ఆమెను పైనుంచి కిందిదాకా చూసింది. "నువ్వెవరు?"

"అమ్మను."

"ఫోన్ల మాట్లాడిన అమ్మవా?"

"ఆ."

"ఇన్నొద్దులు యాడున్నవ్?"

డ్రైవరు హారను కొట్టాడు. చెప్పడానికి హన్మమ్మ దగ్గర మంచి మాటలు చాలా ఉన్నాయి. పనిలో ఉన్నానని చెప్పొచ్చు. నీకోసమే ఉన్నానని చెప్పొచ్చు.

"మీ నాయిన కాడ ఉన్న," అన్నది. "ఆయన్ను ఇడిసి రానీకి మనసొప్పలే. నిన్ను ఇడిసి ఉన్న. తప్పు నాదే."

పిల్ల ఆలోచించింది. జీపు ఇంజను మొదలైంది. పక్కన కూర్చున్న పిల్లలు ఇటు చూస్తున్నారు.

మానస ముందు సద్ది గిన్నె అందించింది. తర్వాత చెయ్యి అందించింది.

సరే, లేవండి. చాప మడిచి మూలకు పెట్టండి. అట్లా చూస్తారేం, జీపు వెళ్లిపోయింది, అంతే. మరునాడు ఆ తల్లి ఆ పిల్లను ఇదే గడప దగ్గరికి తీసుకొచ్చింది. పేరు మళ్లీ నేనే రాసుకున్నాను. పొద్దు గూకుతుంది, పోండి. అవ్వ రొట్టెలు చేసే ఉంటుంది, చల్లారకముందే పోయి తినండి.